ఈపు మీద తాళం

"తాతా, పాటల టీచరు పరీక్షకి నువ్వెలా తయారయ్యావు? మూడో కాలంలో నీ చెయ్యి కూడా పరిగెట్టేదా?"

పరిగెట్టడమేటి గుంటా, నా సెయ్యి గుర్రం. అది కాదు గానీ, నువ్విలా నా ముందుకొచ్చి అటు తిరిగి కూకో. ఆఁ. నా అరసెయ్యి నీ ఈపు మీదేసి తట్టుతుంటాను. నువ్వు తొడ మీద ఆదితాళం ఏసుకుంటూ, సరళీ స్వరాలు సన్నగా పాడుకుంటూ ఇను. ఆపొద్దు, ఎనక్కి తిరగొద్దు, నాతో మాటాడొద్దు. పరీచ్చకి రేపు బస్సెక్కాల కదా. పోయినేడు నువ్వు తప్పింది ఆ మూడో కాలంలోనే, పాట నాలుగింతల జోరుకెక్కే కాడే. గొంతు ఉరికినాదని సెయ్యి కూడా దానెనకాలే ఉరికింది. ఈసారీ తప్పితే ఆశ్రమ బడిలో నువ్విప్పుడు సేత్తన్న పని ఇంకొకరికిచ్చేత్తారంట, మీ అమ్మ సెప్పింది.

నాను పరీచ్చకెల్లిన కాలానికి ఈ కొండల్లో నాలాగ మోరి ఊదేవోడు ఇంకొక్కడు నేడు. మోరంటే మీ పుస్తకంలో ఏటని రాసినారో గానీ, సన్నాయికి కొండల్లో పుట్టిన అన్న అనుకో. అరకు రైలు మొదటి సొరంగంలో దూరినప్పుడు ఊదడం ఎత్తుకుంటే, ఆకరి సొరంగం దాటి ఎలుగొచ్చేదాకా ఊపిరి మార్చినాను కాను. ఇంజను డ్రైవరు సిగ్గుపడి కూతెయ్యడం మానీసినాడు. లంబసింగిలో ఊదితే పొద్దెక్కకుండానే మంచు ఇడిపోయేది. ఇందులో కొంత తీసెయ్యి, సగానికంటే మాత్రం తియ్యకు.

అలాటి నాను రూతమ్మ టీచరు ముందు కూకుంటే తాళం తప్పినాను. రూతమ్మంటే సర్చిలో హార్మోనీ వాయించే ఆవిడ. బడిలో పాటల మేష్టరు కావాలంటే సర్టిఫికెట్టుండాలన్నారు, దానికి పరీచ్చన్నారు, ఆ పరీచ్చ కోసం ఆవిడ కాడ సేరినాను. ఫీజు కింద మిరియాలు పట్టుకెళ్ళేవోణ్ణి. అప్పట్లో సంతలో కుంచెడు మిరియాలకి ఎంతిచ్చేవోరంటే... సెప్తే నవ్వుతావు, వొద్దు. ఏటి సెప్తన్నాను? ఆఁ, కూకోడం. "సోమన్నా, కూర్చుని తాళం వెయ్యి" అనేది ఆవిడ. కూకుంటే నాకు తాళం నేదు, లెగిస్తే ఉంది. పాట ఎత్తుకోడమేటి, లెగిసి అడుగెయ్యడమేటి. ఆవిడ సూసి సూసి నా రెండు మోకాళ్ళ మీదా చోళ్ళ మూటలు, మీ బడిలో రాగులంటారే, అయ్యి పెట్టింది. మూటలు కూడా నాతోపాటు లెగిసినాయి.

ఇదేటి ఇడ్డూరం, మైదానపోళ్ళకి తాళం తొడ మీదుంటే మాకు కాళ్ళలో ఎందుకుంటాదని నాకొకటే ఆలోసన. కనపడ్డ ప్రతోణ్ణీ అడిగినాను. పాచిపెంట బస్సులో కండకటర్ని కూడా అడిగినాను. "ముందు టికెట్టు తియ్యి" అన్నాడు.

ఆగాగు, సెయ్యి పరిగెట్టింది. నా సేతి దెబ్బ పట్టుకో. ఆఁ, అలాగ.

ఆకరికి తేల్చింది మీ నాయనమ్మ సుక్రి. "నీ తాళం కాళ్ళలో నేదు ఎర్రిబాబూ, ఈపులో ఉంది" అంది. థింసా ఆటలో వరస కట్టి పక్కనోళ్ళ ఈపుల ఎనకాల సేతులు పెనేసుకుని ఆడతాం కదా, డప్పు సెవికి సేరేలోపే పక్కనోళ్ళ సెయ్యి ఈపుకి సెప్పేత్తాది. "బుడ్డోడివప్పటి నుంచీ ఎవరో ఒకరి సెయ్యి నీ ఈపు మీదుంది. టీచరమ్మ కాడ ఒక్కడివే కూకున్నావు, మరి గాబరా పడవేటి" అంది. అని ఎనక కూకుని ఇదిగో ఇలాగే తట్టింది. కొండరాయిలాగ కూకుని మూడు కాలాలూ పాడీసినాను. చోళ్ళ మూటల్తో ఇంక పని నేదు కదా, అంబలి కాసీసుకున్నాం.

అంబలంటే గుర్తొచ్చింది, కోడలా, ఆ గిన్నె ఇలాగియ్యమ్మా. అబ్బ, కాలిపోతంది. నువ్వాపకు గుంటా, పాడు.

పరీచ్చ రోజున సుక్రిని కూడా తీసుకెళ్ళినాను. లోపలికి రానివ్వరు కదా. "నాను కిటికీ బయట నిలబడతాను, నా సెయ్యి ఉందనుకో" అంది. గదిలో కళ్ళజోళ్ళోళ్ళు ముగ్గురు. కిటికీకి ఈపు పెట్టి కూకున్నాను. మొదటి కాలం బాగానే ఉంది, రెండోదీ బాగానే ఉంది. మూడో కాలంలో నా గొంతు ఏ జోరున ఎల్లిందంటే, ఒకాయన కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. సెయ్యి మాత్రం అడ్డాకుల ఇస్తళ్ళు కుట్టే ముసల్దానిలాగ నిమ్మళంగా, దాని పని అది సేసుకుంది. ఈపు మీద సుక్రి దెబ్బ ఒక్కోటీ నాకు తెలుస్తానే ఉంది.

బయటికొచ్చి కిటికీ కాడ సూత్తే మనిషి నేదు. గేటవతల సెనక్కాయలోడితో కొలత తక్కువేసినాడని తగువాడతంది. నాను నోరు తెరవకముందే అటెండరు అందర్నీ గేటు దాటించీసినాడంట. మరి నా ఈపు మీద తట్టిందెవరే అంటే, "నాకేటి తెలుసు, నీ ఈపు" అంది. రూతమ్మ టీచర్నడిగితే ప్రభువన్నాది. మన దిసారి పూజలు సేత్తాడు కదా, ఆయన్నడిగితే కొండదేవతన్నాడు. సర్టిఫికెట్టొచ్చింది, బడిలో ఉజ్జోగమొచ్చింది, ఈ కొండల్లో సగంమంది గొంతులు నాను సవరించినవే, కావాలంటే ఎవర్నైనా అడుగు. ఆ తట్టిందెవరో మాత్రం ఇప్పటికీ తెలీనేదు. పైకెల్లినాక ముందు సుక్రినే అడుగుతాను. ఇప్పటికైనా నిజం సెప్తాదేమో.

ఏటి, ఆపీసినావు? తిరగొద్దంటే తిరిగినావు. సరే, సూడు మరి. గిన్నె రెండు సేతులా పట్టుకునే ఉన్నాను కదా, మీ అమ్మ ఇచ్చిన కాణ్ణుంచీ. అప్పటి నుంచీ నీ సెయ్యి పరిగెట్టనేదు గుంటా. మరి నీ ఈపు మీద తట్టిందెవరంటావు? నా మొకంకేసి సూడకు, నాకు తెలిస్తే ఇంతసేపు సెప్పకుండా ఉంటానేటి. అటు తిరిగి కూకో. రేపు బేగి లెగాల. సల్లగుండు తల్లీ... పాడు, మళ్ళీ మొదట్నుంచి పాడు, నానూ ఇంటాను...