తల్లి గడిలో ఒక్క పేరే

హలో… ఆఁ, నేనే… నేనేనండీ, పెద్దోణ్ణే. గొంతు మారినట్టుందా? ఏసీ గది ముందు కూర్చున్నా, మెల్లగా మాట్లాడాలి.

…

లేదు, ఇంకా పిలవలేదు. లోపల ఒకాయన ఉన్నాడు, ఆయన బయటికి రాగానే నేనే. …అవును, ఇవాళే. ఇన్నేళ్ళ పీహెచ్‌డీ రీసెర్చీ ఇవాళ్టి ఇంటర్వ్యూతో తేలిపోతుంది. అటో ఇటో. …చెప్పండి పిన్నిగారూ.

…

'గారు' ఎందుకా? మర్యాదండీ. మర్యాదిచ్చినా తప్పేనా?

—

ఆగండాగండి. ఏడుస్తూ చెబితే నాకు సగమే వినపడుతుంది. ముందు ముక్కు తుడుచుకోండి. …ఆఁ. ఇప్పుడు చెప్పండి. బుడ్డోడెక్కడ?

…

లోపల మంచం మీద. మంచిది. ఆపరేషన్‌కి సంతకం పొద్దున్నే పెట్టి వచ్చా కదా, మధ్యాహ్నం తీసుకెళ్తామన్నారు. …మరి మీరెక్కడున్నారు?

…

అద్దాల తలుపు బయట. …ఊఁ. …కార్డు పెడితే ఎర్రలైటు వెలుగుతోంది. …వెలుగుతుంది మరి. పాడవలేదండీ, సరిగ్గానే పనిచేస్తోంది. ఎర్రగానే వెలగాలి.

…

నర్సమ్మ ఏమంది? …'ఆపరేషన్ వార్డులో తల్లి తప్ప ఎవరూ ఉండకూడదు, కంప్యూటరు ఒప్పుకోవట్లేదు.' …కరెక్టే చెప్పింది. …'ఈ కంప్యూటరు బొమ్మంతా గీసింది మీ పెద్దబ్బాయేనట కదా, ఆయన్నే అడగండి' అందా? అబ్బో! ఆ హాస్పిటల్లో మనకి పేరు బాగానే వచ్చిందే!

…

అవును, నేనే గీశా. మా యూనివర్సిటీ వాళ్ళం గీసిచ్చిన బొమ్మ ప్రకారమే అక్కడ రికార్డులన్నీ నడుస్తున్నాయి, ఎలా పనిచేస్తుందో చూద్దామని. …బొమ్మంటే బొమ్మే. మీకు అర్థమయ్యేలా చెప్తా వినండి. ఇల్లు కట్టేముందు నేలమీద సున్నంతో గీతలు గీస్తారు కదా, ఇక్కడ గది, ఇక్కడ గుమ్మం అని? ఇదీ అంతే. పిల్లాడు ఒక డబ్బా. తల్లి ఒక డబ్బా. డాక్టరు ఒక డబ్బా. డబ్బాకీ డబ్బాకీ మధ్య ఒక గీత. ఆ గీత మీద రాస్తాం, ఒక్కరా, చాలామందా అని. పిల్లాడికి డాక్టర్లు చాలామంది ఉండొచ్చు. మందులు బోలెడు ఉండొచ్చు. తల్లి దగ్గర 'ఒక్కరే' అని రాశా. అంతే.

…

లేదండీ. రెండో పేరు పడదు. ఒకే ఒరలో రెండు కత్తులు పడతాయా?

…

ఆ ఒక్క పేరూ మా అమ్మది. పొద్దున వాడి వివరాలు ఎక్కించింది నేనే కదా.

—

పోయిందని నాకు తెలీదా? మీరు చెప్పాలా నాకు? …పోయినవాళ్ళ పేరెలా తీసుకుందంటే… తీసుకుంటుంది. బతికున్నారా లేదా అని అడిగే గడి పెట్టలేదు నేను. పోయినవాళ్ళనైనా తీసుకుంటుంది పిన్నిగారూ, ఇద్దర్ని మాత్రం తీసుకోదు.

…

మార్చొచ్చా అంటే… అబద్ధమెందుకు, మార్చొచ్చు. ల్యాప్‌టాప్ నా ఒళ్ళోనే ఉంది. మా గైడ్ సారు కూడా మొదట్లో అన్నారు, 'ఏరా, మారుతల్లులుంటారు, పెంచుకున్నవాళ్ళుంటారు, వాళ్ళనేం చేస్తావ్?' అని. నేనే వాదించా. పిల్లాడికి తల్లి ఒక్కతే సార్, మిగతావాళ్ళంతా వచ్చిపోయేవాళ్ళు అన్నా. నా థీసిస్ పుస్తకంలో ఒక చాప్టరంతా అదే. లోపల కూర్చున్న పెద్దలు నన్నడిగే మొదటి ప్రశ్న కూడా అదే. ఇంకో పది నిమిషాల్లో దాన్ని నేను నిలబెట్టాలి. ఇప్పుడు మీకోసం దాన్ని చెరిపేసి లోపలికెళ్ళమంటారా?

…

సరే, చెరపక్కర్లేదు… పేరు మారిస్తే చాలు… ఏంటి? మా అమ్మ పేరు తీసేసి మీ పేరా?

ఇంకోసారి అనండి ఆ మాట.

…

మళ్ళీనా పిన్నిగారూ? ఒకసారి తీసేశారు కదా, చాల్లేదా?

—

ఎప్పుడా? హాల్లో ఫోటో. గుర్తు తెచ్చుకోండి. బుడ్డోడికి అప్పటికి మాటలు పూర్తిగా తిరగలేదు. ఫోటోకి వేలుపెట్టి 'ఇదెవరు?' అన్నాడు. నేను గుమ్మం దగ్గర షూ లేసులు కట్టుకుంటున్నా. మీరేమన్నారు? …చెప్పండి, మీ నోటితోనే వింటా.

…

ఆఁ. 'పెద్దమ్మ.' వాణ్ణి కని, వాడి మొహమైనా చూసుకోకుండా పోయిన మనిషి వాడికి పెద్దమ్మ! ఆ రోజు ఏ కంప్యూటరు ఒప్పుకుందండీ? ఏ లైటు వెలిగింది? ఎర్రదా, పచ్చదా?

…

నాన్న చెప్పమన్నారా. …ఆయనిప్పుడు లేరు కదా, ఆయన మీదికి తోసెయ్యడం తేలికే.

…

తనవల్లే అమ్మ పోయిందని పసివాడు కుమిలిపోతాడని… పెద్దయ్యాక మెల్లగా చెబుదామని… ఎంత మంచి మనసండీ మీది. ఎప్పుడు చెబుదామనుకున్నారు? వాడి పెళ్ళిలోనా, పందిట్లో మైకు పట్టుకునా?

—

ఏంటా చప్పుడు? …వాడేనా? …మంచం దిగి అద్దం దగ్గరికొచ్చేశాడా. …సూది వేయించుకోనంటున్నాడు. …'అమ్మ వస్తేనే' అంటున్నాడు. …వినపడుతోంది. …వినపడుతోందండీ, ఫోను అటు పెట్టకండి. తియ్యండి. …తియ్యండంటున్నా కదా!

…

నాకు జాలి లేదనకండి. వాడు నా తమ్ముడు. నాకున్నది వాడొక్కడే. …మీకూ అంతేనా? మీకు మీ పుట్టిల్లుంది.

…

లేదా? వాళ్ళు రానివ్వట్లేదా. …అది నాకు తెలీదు. …ఎప్పట్నుంచి? …నాన్నని చేసుకున్నప్పట్నుంచీ. ఓహో.

…

సరే. ఏడవకండి. ఒక దారుంది.

నా బొమ్మలో ఇంకో డబ్బా కూడా ఉంది. ఆయా. పిల్లల్ని చూసుకునే పనివాళ్ళ కోసం పెట్టా, తల్లి రాలేనప్పుడు వాళ్ళని వార్డులోకి పంపుతారు. అక్కడ 'చాలామంది' అని రాశా. ఎంతమందైనా పడతారు, ఆ గీత దగ్గర నాది పెద్ద చెయ్యి. మీ పేరు అక్కడ ఎక్కిస్తా. ఇప్పుడే, ఫోను పెట్టేలోపే. పచ్చలైటు వెలుగుతుంది, లోపలికెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు.

…

ముందే దండాలు పెట్టకండి, పూర్తిగా వినండి. కొత్త కార్డు ఇస్తారు. మెడలో వేసుకోవాలి. పేరు చిన్నగా ఉంటుంది. 'ఆయా' అన్నది మాత్రం ఇంతింత అక్షరాలు, వార్డు ఆ చివర్నుంచి చూసినా కనపడేలా.

—

ఊఁ. వాడు చదువుతాడు. చదువుతాడు కదా మరి! నేర్పించింది మీరేగా. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని దిద్దించి… 'బస్సుల మీద బోర్డులన్నీ టకటకా చదివేస్తున్నాడు మా చిన్నోడు' అని వీధంతా చెప్పుకున్నారు కదా. ఇది రెండక్షరాలే. ఎంతసేపు?

…

తిప్పి వేసుకుంటారా? రెండువైపులా ఉంటుందండీ.

…

వాడడిగితే ఏం చెప్పాలా? ఏదో ఒకటి చెప్పండి. మీకు చెప్పడం కొత్తా? 'పెద్దమ్మ' అన్నంత సుళువుగా వచ్చేస్తుంది.

ఆలోచించుకోండి. నాకేం తొందర్లేదు. వాడికే తొందర.

…

ఏంటి?

…

సరేనా?

…ఒక్క నిమిషం. సరిగ్గా విన్నారా నేనన్నది? ఆయా అంటే… …విన్నారు. …త్వరగా ఎక్కించమంటున్నారు.

…

ఏం మనిషండీ మీరు! రోషం లేదా? నన్ను తిట్టండి. 'నీకు కామెర్లొస్తే రాత్రంతా మేలుకున్నానురా' అని దెప్పండి, మేలుకున్నారుగా. 'ఇంట్లో అడుగుపెట్టనివ్వను' అనండి. మీరేదో అంటారని నేను రెండు మాటలు దాచి పెట్టుకున్నా. …ఏమీ అనరా?

…

సూది టైమైపోతోంది. …సరే. సరే, ఎక్కిస్తున్నా. …పేరు… వేశా. ఇంటిపేరు?

…

మా ఇంటిపేరే. …ఆఁ, అంతే కదా. మర్చిపోయా.

సంబంధం… ఆయా. …జీతం. అయ్యో, ఈ గడి ఖాళీగా వదిలేస్తే ముందుకెళ్ళదు. నేనే అలా పెట్టా. జీతమెంత వెయ్యమంటారు?

…

సున్నా. …తీసుకుంటుందో లేదో… తీసుకుంది.

వెళ్ళి నర్సమ్మనడగండి, కార్డు అచ్చేసి ఇస్తుంది. …తలుపు దగ్గర సెక్యూరిటీ అతను 'పేషెంటుకి మీరేమవుతారు?' అని అడుగుతాడు. ఏం చెబుతారు?

…

వినపడలేదు.

…

ఆఁ. అలాగే చెప్పండి. నీళ్ళు నమలకుండా చెప్పండి, లేకపోతే అనుమానపడతాడు.

—

ఇచ్చిందా? …వేసుకున్నారా? …పచ్చలైటు వెలిగిందా.

…చూశారా. నా బొమ్మలో తప్పులేదు. ఎవరు ఏ డబ్బాలో ఉండాలో ఆ డబ్బాలో ఉంటే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. సామెత కూడా ఉందిగా, తల్లికి కూడు పెట్టనోడు పినతల్లికి చీర పెడతానన్నాడని. నేను మా అమ్మ కూడు మా అమ్మకే పెట్టా, ఇవాళ. చీర సంగతి నన్నడక్కండి.

…

హలో? వింటున్నారా? …ఫోను చేతిలోనే పెట్టుకుని లోపలికెళ్ళిపోయారా?

—

వాడి గొంతు. …నవ్వుతున్నాడు. 'అమ్మొచ్చింది' అంటున్నాడు. …

…ఆగాడు.

చదువుతున్నాడు. …'ఆ'… 'యా'…

'అమ్మా, నీకెందుకు ఇలా రాశారు?' అంటున్నాడు. …ఊఁ, చెప్పండి. వాడు అడుగుతున్నాడుగా. ఏం చెబుతారో నేనూ వింటా. …చెప్పండి—

ఆఁ సార్! వస్తున్నా సార్. ఇదిగో లేచా. …ఫోనా? ఎవరూ కాదు సార్… మా తమ్ముడి ఆయా.

…

హలో? …ఏం చెప్పారు వాడికి? నాకు వినపళ్ళేదు, ఇక్కడ సారు పిలిచారు… మళ్ళీ చెప్పండి… హలో?

…

పిన్నీ?

…

పెట్టేసింది.