గాలెక్కువైన తుపాకీ

“మళ్ళీ సబ్బుకి బెజ్జాలెట్టేశాడమ్మా ఈ మనిషి” అని పెద్ద కేక. ఎంత కేకంటే, కాలవగట్టు మీద గేదెల్ని తోలుకెళ్ళేవాడు కూడా ఆగి తిరిగి చూశాడంట. ఎవరా అంటే గవర్రాజు పెళ్ళాం మంగతాయారు. గవర్రాజంటే ఆ లంకలో ఆయిలింజన్లు బాగుచేసే మేస్త్రి. చేతిలో పానా లేకపోతే అన్నం అరగదనుకో ఆయనకి. ఈవిడ ఉతికేరాయి కాడ నిలబడి సబ్బు ఎత్తి ఈదందరికీ చూపిస్తంది. ఒంటినిండా బెజ్జాలే, ఒక్కో బెజ్జంలో ఒక్కో సీసం గుండు, సీతాఫలంలో గింజలాగా. దాంతో రుద్దితే గుండు తగిలి లుంగీ బర్రున చిరిగిందంట. “చిరిగింది మీ లుంగీయేలెండి, నాకేం” అందంట. గవర్రాజేమో అరుగు మీద కూచుని ఇంకో సబ్బులో చీపురుపుల్ల గుచ్చి లోతు కొలుచుకుంటన్నాడు.

సబ్బుని కాల్చడమేంటి అంటారా, అక్కడికే ఒస్తున్నా. పట్నం నించి ఓ గాలి తుపాకీ తెచ్చుకున్నాడు. మందూ గిందూ ఏం ఉండదు దాంట్లో. సైకిలు పంపుకి పెద్దన్నయ్య లాంటి పంపు ఒకటుంటది, రెండు కాళ్ళతో తొక్కిపట్టి, ఒళ్ళంతా దాని మీదేసి కిందకి తోస్తే తుపాకీ గొట్టంలో గాలి కూరుకుంటది. ఎంత కూరావో చూపించడానికి గడియారంలో ఉన్నట్టు ఓ ముల్లు. మీట నొక్కావనుకో, లోపల సుత్తి ఎల్లి ఓ చిన్న తలుపుని కొడతది, తలుపు రెప్పపాటు తెరుచుకుని మూసుకుంటది, ఆ కాసింత గాలికే గుండు ఎల్లిపోతది. వెనకాల ఓ మర ఉంటది, అది బిగిస్తే సుత్తి ఇంకా గట్టిగా కొడతది. మేస్త్రికి మర కనపడితే ఊరుకుంటాడా మరి.

అయితే ఏమైందంటే, తెచ్చిన కొత్తలో మంగతాయారు అన్నయ్య పళ్ళాలరావు ఇంటికి ఆ తుపాకీ భుజానేసుకుని ఎల్లాడంట. గోడ మీద వంకాయ పెట్టించి, చూడు బావా అన్నాడు. గుండు వంకాయ జోలికే పోలేదు, పైనించి ఎల్లి మేడ మీద నీళ్ళ ట్యాంకులో దిగింది. కింద ఆరేసిన ఒడియాల మీద సన్నగా ధార. అప్పుడన్నా తప్పయిపోయింది బావా అంటే పోయేది. ఈయనేమన్నాడు? “చూశావా బావా, అంత మందం ట్యాంకుకి బెజ్జమెట్టేసింది, ఏం పవరు” అన్నాడంట, మురిసిపోతా. పళ్ళాలరావు ట్యాంకు చూశాడు, తడిసిన ఒడియాలు చూశాడు. “పవరుకేం బావా, బోలెడుంది. వరసగా ఐదు గుళ్ళు ఒక్క చోట పడేలా కొట్టినరోజు చెప్పు, అప్పుడొచ్చి మీ ఇంట్లో చెయ్యి కడుగుతాను. అప్పటిదాకా మీ ఇంటి మెతుకు ముట్టను” అన్నాడంట. కోపానికన్నాడో, ఎగతాళికన్నాడో, అన్నాక ఇంక ఎనక్కి తీసుకోడానికి మనసొప్పద్దా. అప్పట్నించీ ఒస్తాడు, చెల్లెల్ని పలకరిస్తాడు, మంచినీళ్ళు కూడా తాక్కుండా ఎల్లిపోతాడు. ఒచ్చినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి వండటం, ఆయనెళ్ళాక గిన్నె మూత తియ్యబుద్ధి గాక అలా కూచోటం.

ఇంతలో గవర్రాజోళ్ళ పిల్లకి చెవులు కుట్టించాల్సి ఒచ్చింది. చెవులు కుట్టించడమంటే మేనమామ ఒళ్ళో కూచోబెట్టాలిగా. “నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని మా అన్నయ్య ఖాళీ కడుపుతో లేచెళ్ళిపోతే, ఆ పూట అందరికీ వడ్డించేసి నేను పస్తు పడుకుంటాను, ముందే చెప్తున్నా” అందంట మంగతాయారు. గవర్రాజుకి అది గుచ్చుకుంది. గుచ్చుకున్నవాడు ఏం చెయ్యాలి? బావ దగ్గరకెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. ఈయనెళ్ళి తుపాకీ పట్టుకున్నాడు.

సబ్బుని కాల్చాలి, ఎంత లోతు దిగితే అంత పవరు, పవరుంటే గుళ్ళన్నీ ఒక్క చోటే పడతాయి, అదీ ఆయన లెక్క. ఒక గుండు లోతుగా దిగుద్ది, ఒకటి పైపైనే ఆగిపోద్ది. ఓహో, గాలి చాల్లేదన్నమాట అని మర బిగించాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తేడా. ఇంకా బిగించాడు, ముల్లు ఎర్ర గీత తాకేదాకా గాలి కూరాడు. తుపాకీ చప్పుడుకి కోళ్ళు గూట్లోంచి రావడం మానేశాయంట గానీ, గుళ్ళు మాత్రం ఎప్పట్లాగే తలోదారీ. ఇంట్లో సబ్బులయిపోతే పక్కింటోళ్ళని కూడా అడిగాడంట మహానుభావుడు.

చెవులు కుట్టే రోజు ఒచ్చింది. కంసాలి కుట్టాడు, పిల్ల మావయ్య చొక్కా పట్టుకుని కాసేపు ఏడిచి ఊరుకుంది. లోపల వంట తయారుగా ఉంది. పళ్ళాలరావు కండువా దులుపుకుంటా, “ఏం బావా, కొడతావా, నన్నెళ్ళమంటావా” అన్నాడు. గవర్రాజు అప్పటికే పంపు మీదెక్కి ఉన్నాడు, చెమటలు కక్కుతా. కొబ్బరి పీచు డొక్కల కుప్ప ముందు పీట ఏసి, పీట మీద కొత్త సబ్బు నిలబెట్టారు. జనమంతా ఎనక్కి జరిగారు. మొదటి గుండు పీటకి తగిలింది. రెండోది సబ్బు అడుగున గీసుకుంటా పోయింది. మూడోది కాస్త పైన. నాలుగోది ఇంకాస్త పైన. మెట్లెక్కినట్టు ఎక్కుతన్నాయంట. “బావా, కాలుస్తన్నావా, సబ్బుకి నిచ్చెన కడతన్నావా” అన్నాడు పళ్ళాలరావు. అందరూ ఒకటే నవ్వు. గవర్రాజు నవ్వలేదు. ఒంటింటి గుమ్మంలో పెళ్ళాం నిలబడుంది, ఆవిడ మొహం చూడలేక మళ్ళీ పంపు అందుకున్నాడు.

అప్పుడు మంగతాయారు గరిటె చేత్తోనే దగ్గరికొచ్చి, “ఏవండీ, పంపు ఒదిలేసి కాస్త గాలి తీసెయ్యండి” అందంట చిన్నగా. గాలి తీసేస్తే పవరెక్కడుంటదే అన్నాడు ఈయన. “పవరు నాకెందుకండీ, మా అన్నయ్య తింటే చాలు. మీరు కాల్చిన సబ్బులన్నీ అరగదీసింది నేను. మీరు పంపు కొట్టి ఆయాసపడతా కాల్చినవి పైపైనే తగులుతాయి. కాసేపు కాల్చాక పడ్డయ్యన్నీ ఒకే లోతులో ఉంటాయి. ఆ మర బిగించకముందైతే ఇంకా సమంగా ఉండేయి. ఏ గుండు ఎప్పుడు చేతికి తగులుద్దో నాకు తెలీదా” అందంట.

నిజమేనండి. తిరునాళ్ళప్పుడు బస్సు చూడండి, తలుపు లోపలికి తెరుచుకోవాలి, లోపలేమో జనం దానికే ఒత్తుకుని నిలబడుంటారు. బయటనించి నువ్వెంత గుద్దు, సందు కూడా రాదు. తుపాకీలోనూ అంతే. గాలి మరీ కూరేస్తే ఆ గాలే తలుపుని నొక్కేస్తది, సుత్తి కొట్టినా సగమే తెరుచుకుంటది. గాలి తగ్గేకొద్దీ తలుపు బాగా తెరుచుకుని జోరు పెరుగుద్ది, గుండు ఇంకాస్త పైన తగులుద్ది. ఆ పైన కాసేపు అన్నీ ఒక్కలాగే ఎల్తాయి. ఆ కాసేపే మనకి కావాల్సింది. ఇంజన్లో తేడాని చప్పుడుని బట్టే కనిపెట్టే మనిషికి ఇది తట్టలేదు చూడండి.

తట్టాక మాత్రం ఏం లాభం? ఇన్నాళ్ళూ బిగించిన మరని ఇప్పుడు ఇంతమంది ముందు విప్పాలి. మేస్త్రికది నడిబజార్లో పంచె ఊడినంత పని. గరిటె చేత్తో ఇంకా అక్కడే నిలబడున్న పెళ్ళాన్ని చూశాడు. ఏమనుకున్నాడో, పానా తీసి మర ఎనక్కి తిప్పేశాడు, పట్నం నించి తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగ. గాలి తగ్గడానికి డొక్కల కుప్పలోకి ఉత్తినే కొట్టాడు. ముల్లు మెల్లగా దిగి మధ్యకొచ్చింది. అప్పుడు ఇంకో కొత్త సబ్బు పెట్టించి కొట్టాడు. ఫెడేల్మనే తుపాకీ టుప్పు మంది. పోయిందిరా పవరు అన్నాడెవరో. ఒక గుండు తగిలింది. రెండోది ఎక్కడ పడిందో కనపడలేదు. మూడోదీ కనపడలేదు. ఐదూ అయ్యేసరికి సబ్బు మీద ఒకటే బెజ్జం, చొక్కా గుండీ అంత. మిగతావి ఆకాశంలోకి ఎల్లిపోయాయేమో బావా అని పళ్ళాలరావే లేచెళ్ళి, సబ్బు విరిచి చూశాడంట. ఐదూ ఒకదాని ఎనకాల ఒకటి అతుక్కుని ఉన్నాయి.

చాలాసేపు అటూ ఇటూ తిప్పి, “ఐదోది కాస్త పక్కకెళ్ళినట్టుంది” అన్నాడు పళ్ళాలరావు. మరి ఒక్కసారిగా ఒప్పేసుకుంటే ఎలా. మంగతాయారు నీళ్ళచెంబు ఆయన చేతికిచ్చి, “అన్నయ్యా, కాళ్ళు కడుక్కుని అన్నానికొస్తావా, ఆ సబ్బే ఆకులో వడ్డించమంటావా” అందంట. అంతే, పళ్ళాలరావు కడుపు పట్టుకుని నవ్వాడు, గవర్రాజు భుజం మీద ఒక్కటేశాడు, కాళ్ళు కడుక్కున్నాడు.

చాపలు పరిచారు, ఆకులేశారు. కంసాలి, చుట్టుపక్కలోళ్ళు, అందరూ బారుగా కూచున్నారు. పళ్ళాలరావు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, తల ఎత్తకుండానే, “పులిహోరలో ఉప్పు తగ్గిందే అమ్మాయ్” అన్నాడంట. మంగతాయారు ఉప్పు తేలేదు. “ఇంక నేను లెగను, ఎవరిక్కావాల్సింది ఆళ్ళే లాక్కోండి” అని అన్నయ్య పక్కన ఆకేసుక్కూచుంది. గవర్రాజు చెయ్యి తుడుచుకుంటా ఒచ్చేసరికి చోటు లేదు, జరగండి జరగండి అని బావకి ఈ పక్కన ఇరుక్కున్నాడు. అదండీ సంగతి. ఆ మర ఎనక్కి తిప్పాలని నాకే తట్టింది అని పక్కాకు మనిషికి అప్పుడే చెప్పేస్తన్నాడంట. మీరేం అడక్కండి, అన్నం కాడ పాపం.