కొరివి99ను గోనెసంచిలో పట్టిన వైనం

"నేను చేసేది అంత గొప్ప పనేం కాదప్పా. ఎవురైనా తిట్టు రాస్తే కొట్టేసేది, అంతే," అన్నాడు మునిరామయ్య, వేడి టీ గ్లాసును పంచె కొసతో పట్టుకుని. ఆయన ఇంత వినయంగా మొదలుపెట్టాడంటే గంటకు తక్కువ కాదని మా బెంచీ మీద అందరికీ తెలుసు.

తిరుపతి రైల్వే స్టేషను వెనక వీధిలో ఏకాంబరం టీ కొట్టు, దాని పైన కోమలి నడిపే నెట్ సెంటరు. ఇది 2006 నాటి మాట. మా పార్టీ వాళ్లు ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక పెట్టారు. ఏదో ఒక పేరు తగిలించుకుని ఎవరైనా అందులో రాయవచ్చు. రాత హద్దు మీరితే మోడరేటరు అనే ఆయన కొట్టేస్తాడు, మరీ మీరితే ఆ మనిషినే బయటికి నెడతాడు. ఆ మోడరేటరు ఎవరో ఎవరికీ తెలియదు. అది తానేనని మునిరామయ్య అప్పుడప్పుడు గొంతు తగ్గించి, వీధంతా వినబడేట్టు చెప్పేవాడు.

ఆ మాట నమ్మి ఆ రోజు ఓబయ్య మాస్టారు వచ్చాడు. పాకాల పక్కన ఒక చిన్న పల్లె ఆయనది, హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. నాలుగు రోజుల కిందట ఆయన్ను వేదిక నుంచి బయటికి నెట్టారు. సరిగ్గా ఈ రోజే, పన్నెండు గంటలకు, హైదరాబాదు నుంచి పార్టీ పెద్దాయన వేదికలో కూర్చుని గంటసేపు ప్రశ్నలకు జవాబులిస్తాడు. ఓబయ్య అడగదలచింది ఒకటే: తమ పల్లెకు పొద్దుటిపూట బస్సు. హైస్కూలుకు పోయే పిల్లలు ఆరు కిలోమీటర్లు నడుస్తున్నారు. పన్నెండు లోపల ఆయన పేరు మళ్లీ తెరుచుకోవాలి. అందుకే ఓబయ్య ఖర్చు మీద మునిరామయ్యకు అది రెండో టీ, మూడో వడ.

"పదకొండైంది. నా పేరు సంగతి..." అన్నాడు ఓబయ్య.

"తెరుస్తా సార్. ఒక్క నొక్కు. గమ్మునుండు, పని యాడ మొదలైందో చెప్పల్ల గదా ముందు. నేను ఆర్ట్స్ కాలేజీలో బీయే చదివేటప్పుడే, హాస్టలు గోడ మీద బొగ్గుతో రాసిన తిట్లు తుడిచేది నేనే. ఆ హాస్టలు వార్డెను ఉండాడే, కాళాస్తి మనిషి, పప్పులో ఉప్పు జాస్తి అయిందని వంటాయన్ను... సరే, అది వేరే కథ. వేదికలో మొదట్లో రోజుకు పది తిట్లు. రెండో నెలకు గంటకు మూడువేలు. ఎడమ కన్నుతో మనోళ్ల రాతలు, కుడి కన్నుతో ఎదుటి పార్టీవోళ్ల రాతలు, రెండూ ఒకేసారి సదివేవాణ్ణి. నిద్రపోయేటప్పుడు ఒక కన్నే మూసేది. మా ఇంటామె బెదురుకుని పుట్టింటికి పోయింది."

"మొన్న కూరగాయల అంగట్లో కనిపించిందే వదిన?" అన్నాను నేను.

"మళ్లా వచ్చిందిలేబ్బా! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? కొట్టేసిన తిట్లు యాడికి పోతాయి? కంప్యూటర్లోనే అడుగున పేరుకుంటాయి. ఒక పొద్దు చెయ్యి పెట్టి సూస్తే పెట్టె కుతకుతమంటా ఉండాది. దాని మీద గిన్నె పెడితే పాలు పొంగినాయి. వారం రోజులు మా ఇంట్లో అన్నం, సారు, అన్నీ దాని మీదనే."

"అయ్యో, ఒక పెట్టె ఈడికి పంపించుంటే నాకు గ్యాసు మిగిలుండునే సామీ," అన్నాడు ఏకాంబరం, పాలు కలుపుతూ.

"సార్, పదకొండుంబావు," అన్నాడు ఓబయ్య.

"వస్తాండా, దానికే వస్తాండా. అప్పుడు దిగినాడప్పా కొరివి99 అనేవాడు. పేరు సూడు, కొరివంట! వాని రాత ముందర మిగతావోళ్ల తిట్లన్నీ లాలిపాటలు. వాడు రాస్తాంటే ఫోను తీగల మీద కూసున్న కాకులు రెక్కలు కాలి కింద పడేవి. ఒకనాడు ఎదుటి పార్టీవోళ్ల మీద ఒక రాత వదిలినాడు, వాళ్ల ఏడు తరాలను దాంట్లోకి లాగినాడు. కొట్టేద్దామని నేను మీట నొక్కేలోపలే అది తిరుపతి దాటేసింది, బెంగుళూరు రోడ్డు పట్టింది. నేను ఊరుకుంటానా? బస్టాండుకు పరిగెత్తినా. బస్సు లేదు. రోడ్డెమ్మడే ఉరికినా."

"పంచెతోనేనా?" అన్నాను.

"ఎగ్గట్టుకుని! చిత్తూరు కాడ దాని తోక కనిపించింది. బంగారుపాళెం కాడ ఒకసారి సేతికి సిక్కి జారిపోయింది, ఇదో, ఇప్పటికీ ఈ వేలు నున్నగా ఉండాది సూడు. మొగిలి కనుమ ఎక్కేటప్పటికి దాని వేడికి రోడ్డు తారు కరిగి కాల్వగా పారతాండాది. అది పోయిన దావలో మామిడికాయలు పూతలోనే మాగిపోయినాయి. పలమనేర్లో ఆ పొద్దు ఆవులు పిండితే పాలు రాలేదప్పా, నేరుగా పెరుగు!"

"తోడు?" అన్నాడు ఏకాంబరం.

"ఆ రాత పులుపే తోడు! పలమనేరు దాటితే కర్ణాటక, రెండు రాష్ట్రాలకూ తగాదా అవుతాది. ఒక రైతు సేతిలో గోనెసంచి పెరుక్కుని, ఫోను స్తంభమెక్కి, తీగ కొసకు సంచి మూతి పెట్టినా. దబ్బుమని వచ్చి పడింది. మూతి కట్టేసి దాని మీద మూడు పగళ్లు కూసున్నా. నాలుగో పొద్దుకు కొరివి99 తానే నడిచొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. ఎట్లుంటాడనుకున్నావు? ఏడడుగుల మనిషి, మీసాల మీద నిమ్మకాయలు. 'అయ్యా, ఇంక సెడ్డమాట రాయను' అని సిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. ఆ నీళ్లకు వంక పారి రెండు చెరువులు..."

"పన్నెండుకు ఇరవై నిమిషాలుండాది సార్!" ఓబయ్య లేచి నిలబడ్డాడు.

అప్పటికే కోమలి టీ కోసం దిగి వచ్చి, మెట్టు మీద నిలబడి వింటూ ఉంది.

"మామా," అంది. "కొరివి99 ఏడడుగులా?"

"ఒక అంగుళం జాస్తే పాపా."

"నాకు ఐదడుగుల నాలుగంగుళాలే కనిపిస్తాండాడే."

మునిరామయ్య గ్లాసు కిందపెట్టాడు.

"రెండేండ్లుగా ఆ వేదిక మోడరేటరును నేను మామా. పార్టీవోళ్లు ఎవురికీ చెప్పద్దన్నారు, చెప్పలేదు. కొరివి99 రాతలన్నీ నా సెంటర్లో మూడో కేబిన్ నుంచే వస్తాండాయి. ఫ్యాను కింద ఉండేది అదొక్కటేనని, ఆడ ఇంకెవుర్నీ కూసోనీకుండా నువ్వే కదా కండువా ఏసి పొయ్యేది?"

ఏకాంబరం పాలు పోయడం ఆపాడు.

"ఓబయ్య సార్ని బయటికి పంపింది కూడా నేనే," అంది కోమలి. "కొరివి99ను 'గాడిదా' అన్నాడని కొరివి99 పదకొండుసార్లు ఫిర్యాదు పెట్టినాడు. అన్నమాట అన్నదే, నా అంతట నేను ఆయన పేరు మళ్లా తెరిచేకి లేదు. ఫిర్యాదు పెట్టినోళ్లే వెనక్కి తీసుకోవల్ల. అంటే మామా, నువ్వు ఇంతసేపు చెప్పిందాంట్లో ఒకటి మాత్రం నిజం. ఒక్క నొక్కుతో తెరిచేది నీ సేతిలోనే ఉండాది."

మునిరామయ్య ఎవరి మొహమూ చూడకుండా, "అందరూ సదివేచోట నన్ను గాడిదన్నాడు కదా పాపా," అన్నాడు.

"అన్నాను," అన్నాడు ఓబయ్య. "నువ్వని తెలీక అన్నాను."

"తెలిసుంటే?"

"తెలిసుంటే ఈ మూడు వడలు పెట్టించేవాణ్ణి కాదు. ముందు మేడెక్కప్పా! ఆ పిల్లోళ్లు నడవలేక సస్తాండారు. బస్సొచ్చినాక, ఆ ఆరు కిలోమీటర్లూ దాని ముందర నువ్వే ఉరికినావని చెప్పుకో. నేను సాక్ష్యం చెప్తా."