సత్తు చెప్పదు

కాళహస్తాచారి ఇనుము మాట వినేవాడంట. కమ్మరి బిడ్డ గదా, తాతా తండ్రీ కొలిమి ఊదితే ఈయన వెల్డింగు షాపు పెట్టాడు, అంతే తేడా అనుకో. ఇనుము కాలితే ఎర్రబడుద్ది, ఇంకా కాలితే పసుపెక్కుద్ది, ఇక చాలు నాయనా అని ముందే చెబుద్ది. ఆయన పెళ్లాం భ్రమరాంబ ఉందే, ఆమె ఏమీ చెప్పదు. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. ఏడాదికొకసారి పట్నం నుంచి డాక్టర్లొచ్చి క్యాంపు పెడతారు. వాళ్లే కొలతలు తీసి, తొడ నుంచి మడమ దాకా అటొక సత్తుపట్టీ ఇటొక సత్తుపట్టీ పెట్టి, తోలు పటకాలతో కాలికి కట్టి ఇచ్చారు. కాలిపర్ అంటారే, అది. సత్తంటే అల్యూమినియం, మన సత్తుగిన్నెల సత్తే, తేలిగ్గా ఉంటదని. దాని మీదే లేచి వంట చేస్తది, జాకెట్లు కుడతది, కుట్టినవి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చొస్తది.

ఏమైందంటే, ఒకరోజు బడి మెట్ల మీద జారిపడింది, మోకాలి కింద లోపలిపట్టీ టప్పున ఇరిగింది. క్యాంపు మళ్లీ ఏడాదికి గాని రాదు. అది లేకపోతే మంచం దిగలేదు. ఏముందిలే అని ఆచారి ఇనపముక్క అడ్డం పెట్టి రెండు బోల్టులు బిగించాడు. ఎట్టుందే అంటే బాగానే ఉందంది. పది రోజులు నడిచింది, అదే మాట. పదకొండో రోజు ఆమె బట్టలారేస్తుంటే ఈయన చూశాడంట, లంగా అంచున నెత్తురు. పటకాలిప్పితే ఏముంది, బోల్టు తల పిక్కలో దిగబడి పుండైపోయింది. చెప్పలేదేమే అంటే, నువ్వు కష్టపడి చేశావు గదా అందంట. చూడండి మరి. ఆయనకి కోపం రాలా, ఏడుపొచ్చింది. బోల్టు లేకుండా అతకాల అనుకున్నాడు.

షాపులో ఉన్నది రాడ్డు పెట్టి ఇనుము అతికే కొత్త మిషను. పాత సత్తుమూత మీద రాడ్డు అంటించి చూశాడు. మూత ఎర్రబళ్లా, ఏమీ చెప్పలా, ఉన్నట్టుండి జారి కింద పడింది. మార్కాపురంలో దరియావలి అని లారీల సత్తు సామాన్లు అతికే మేస్త్రి ఉంటే ఆయన దగ్గరికి పోయాడు. మిషను మార్చక్కర్లేదు, పట్టే చెయ్యి మార్చు అన్నాడంట దరియావలి. రాడ్డు పెట్టే హోల్డరు పీకేసి టార్చి తగిలియ్యి, దాని ముక్కున టంగ్‌స్టన్ సూది ఉంటది, అది కరగదు, నిప్పు మాత్రం ఇస్తది, గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ గ్యాసు వదులు, కరిగే సత్తుతీగ ఎడంచేత్తో నువ్వే అందియ్యి అన్నాడు. సరే అని వచ్చి చేశాడు. నల్లగా మసి, మసి కింద ముద్ద. ఆ ముద్ద పట్టుకుని మళ్లీ మార్కాపురం. దరియావలి నవ్వి, "ఆచారీ, సత్తుకి కంటికి కనపడని తోలుంటది. లోపల ఎప్పుడో కరిగిపోద్ది, తోలు మాత్రం కరగదు. నీది పాతకాలం మిషననుకున్నా, నీ కొత్తదాంట్లో కరెంటు ఒకవైపే పోద్ది. సత్తుకి పోతా వస్తా ఉండాల. పోయేటప్పుడు కరిగిస్తది, వచ్చేటప్పుడు తోలు ఒలుస్తది" అన్నాడు.

అట్టాంటి మిషను ఇంట్లోనే ఉంది. కొడుకు పని నేర్చుకోటానికని ఆచారి తండ్రి కొన్నది, గాదెంత పెట్టె, గుయ్యిమని మోగేది. మూల పడేస్తే దాని మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. కోళ్లను అదిలించి, దుమ్ము దులిపి, దానికి టార్చి తగిలించాడు. కరెంటు దిక్కు మారినప్పుడల్లా నిప్పు ఆరిపోతుంటే, పాత సామాన్ల కొట్లో రవ్వలిచ్చే పెట్టె ఒకటి వెతికి, ఆరినప్పుడల్లా అంటించేట్టు దాన్నీ కలిపాడు. ఇక నేర్చుకోవటం. నెలరోజులు ఊళ్లో సత్తుపళ్లెం కనపడితే అడిగి తెచ్చుకోటం, బొక్క పెట్టి ఇచ్చిరావటం. ఆచారి కంటబడితే పళ్లెం జల్లెడే అని ఆడోళ్లు కొంగుచాటున దాచేవాళ్లంట. ఆ నెలా భ్రమరాంబ మంచం మీదే ఉంది, పుండు మానింది. ముసుగు నల్లద్దంలోంచి చూడగా చూడగా ఈయనకి ఒకటి తెలిసింది. సత్తు చెప్పదు గాని, జారేముందు ఒక్క చిటికెసేపు మొహం అద్దంలా మెరుస్తది. అప్పుడే తీగ అందియ్యాల.

చేసే రోజొచ్చింది. పట్టీ రుద్ది తళతళలాడించి, రెండు ముక్కలూ ఆనించి, టార్చి పట్టుకుని అట్టానే కూర్చున్నాడు. "ఇది జారిందంటే ఏడాది మంచమేనే" అన్నాడు. ఆమె మంచం మీంచి, "అయితే ఏడాది నువ్వే వండుదువు గాని, కానియ్యి" అందంట. అటు తిరుగు, వెలుతురు చూడొద్దు అన్నాడు. గోడవైపు తిరిగింది. పెట్టె గుయ్యిమంది. మెరిసింది, అందించాడు, మెరిసింది, అందించాడు. ఆపేశాక కూడా ముసుగు తియ్యలా, తీసి చూస్తే బియ్యపుగింజలు పేర్చినట్టు అతుకు నిలబడి ఉంది.

చల్లారాక కట్టుకుని లేచింది. గడప దాకా పోయింది, వచ్చింది. ఎట్టుందే అన్నాడు. బాగానే ఉందని నోటిదాకా వచ్చింది ఆమెకి. ఆయన మొహం చూసి ఆగి, "లోపలివైపు కొంచెం గీరుకుంటా ఉంది" అంది. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి ఆకురాయి అందుకున్నాడు. ఇక్కడా, ఇంకొంచెం పైనా అని అడగటం, రుద్దటం, మళ్లీ కట్టి చూడటం, పొద్దుగూకేదాకా అదే పని.

పెళ్లాం వంక పెడితే సంబరపడిన మొగుడంటే నేనీయనొక్కడి గురించే విన్నా. మీ ఇళ్లల్లో ఉన్నారేమో నాకు తెలవదు. తర్వాతేమైందంటారా? ఆమె ఇక ఆపలా. రేకు కారతంది, నువ్వు గురక పెడతన్నావు, చేసిన పులుసు మెచ్చుకోకుండా మింగావు. కోరి తెచ్చుకున్నదే గదా, పడాల.