సర్దారైన సైనికుడు

షాద్‌నగర్‌లో ఒక కిరాయి గది. ఆదివారం మధ్యాహ్నం అక్క వీడియో గేమ్ ఆడుతుంటే చెల్లెలు పక్కన కూర్చుని చూస్తోంది.

“అక్కా, మళ్ల సచ్చిపోయినవ్! నిన్ను సంపినందుకు గా మామూలు సైనికుణ్ని సర్దార్ జేసిండ్రు సూడు.”

“సూస్తున్న. నేను మళ్ల బతికొచ్చి ఎదురువడంగనే ‘మళ్లొచ్చినవా, పిరికిదానా?’ అని నవ్వుతాండు.”

“ఆట మొదటి నుంచి షురూ చెయ్యరాదు? వాడు మళ్ల మామూలు సైనికుడైతడు.”

“అప్పుడు వాడు నన్ను మర్చిపోతడు. నేను మర్చిపోతనా? వద్దు, గిట్లనే పోత.”

“జర పైలం! ఎనకకెల్లి సర్దార్ వస్తున్నడు, కొట్టు! అగో, వాని మొఖం మీద గాటు వడ్డది. కత్తి పారేసి ఉరుకుతాండు. సంపెయ్యక్కా!”

“ఉరకనియ్యి.”

“చేతికి చిక్కినోణ్ని ఇడుస్తవా?”

“వాని కింద గంత ఫౌజుంది. గాటు ఎవలు పెట్టిండ్రని అందరు అడుగుతరు. నా పేరు వాడే చెప్పాలె.”