ఏడుగురు దిగిన కథ

బాపు పనిచేసే బొగ్గుబాయిలో పైకప్పు కూలి నెలయింది. బతికి బయటపడ్డాడు కానీ, ఆనాటి నుంచి పుస్తకం పట్టుకుంటే అక్షరాలు నిలవడం లేదు. నస్పూర్ క్వార్టర్‌లో మధ్యాహ్నం పూట కూతురే నవలలు చదివి వినిపిస్తోంది. ఇవాళ రెండు పట్టుకొచ్చింది. రేపు ఆయన మళ్లీ డ్యూటీకి పోవాలి.

"గిది చుక్కల లోకం బాపూ. మనుషులు లేని గ్రహం మీదికి పోతరు. చదువాల్నా?"

"గా రెండోది?"

"వద్దు తియ్. భూమి లోపల పట్నమట. ఏడుగురు సొరంగంల దిగి దాన్ని దేవులాడుతరు."

"దిగేముందు టోకెన్లు ఇచ్చిన్రా?"

"కథల టోకెన్లేంది బాపూ!"

"మరి లోపల ఎందరున్నరో పైనోళ్లకెట్ల తెలుస్తది? ఉత్త పిచ్చోళ్లున్నట్టున్నరు."

ఈ నెల రోజుల్లో ఆయన నవ్వడం ఇదే మొదలు. ఆ నవ్వు పోకూడదని ఆమె కూడా నవ్వింది.

"ఎందరు బయటికొచ్చిన్రు? ఆఖరు పేజీలు చూడు."

ఆమె తిప్పి చూసింది. నలుగురే.

"ఏడుగురొచ్చిన్రు."

"అందరా?"

"అందరు."

ఆయన గోడవైపు తిరిగాడు.

"అయితే గా పుస్తకం పక్కకు వెట్టు బిడ్డా. మేం ఐదుగురం దిగితే ముగ్గురమే వచ్చినం. గా రాసినోనికి బాయి సంగతి తెల్వది."

పుస్తకం మూయబోతుంటే, ఆయనను తానే ఒంటరిని చేసినట్టు ఆమెకు అనిపించింది.

"అబద్ధం చెప్పిన బాపూ. నలుగురే వచ్చిన్రు."

ఆయన మెల్లగా ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"గట్లయితే గదే చదువు. గా నలుగురు మల్ల దిగిన్రో లేదో చూడాలె."