జూలై నెల గాలి లెక్క

నా పేరు వేమూరి ఫణికుమార్. తండ్రి రాఘవయ్య, రిటైర్డ్ టీచరు. వయసు 36. నివాసం పోర్ట్ బ్లెయిర్, డెలానీపూర్. సముద్రంలో గాలిమరలు పెడితే గిట్టుబాటు అవుతుందా, సముద్రజీవాలకు హాని ఉంటుందా అని పరీక్షించే ప్రైవేటు కంపెనీలో సర్వే ఇంజనీరును. 2025 ఆగస్టు 13 ఉదయం 11 గంటలకు ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో ఎస్.ఐ. గారి ఎదుట నేను చెబుతుండగా, తెలుగు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ సరోజిని గారు రాస్తున్నారు.

చనిపోయిన బాబ్జీకి 51 ఏళ్లు. డిగ్లీపూర్‌లో సొంత డింగీ, అంటే చిన్న ఇంజను పడవ, ఉంది. ఏడాదిగా మా సర్వేకు పడవ నడిపాడు. తీరానికి పదకొండు కిలోమీటర్ల దూరంలో గాలి వేగం కొలిచే పసుపు రంగు బోయా, అంటే లంగరేసి నీటిపై తేలేలా పెట్టిన పరికరం, ఉంది. నెలకు రెండుసార్లు అక్కడికి వెళ్లేవాళ్లం. దారిలో తాబేళ్లు, పక్షులు కనబడితే అతను చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. ఫిబ్రవరిలో ఒక సముద్రపు ఆవునూ దాని పిల్లనూ చూపించాడు. ఇంజను ఆపేసి, అవి వెళ్లిపోయేదాకా మాట్లాడనివ్వలేదు.

గాలిమరలు రావాలని అతనికి చాలా ఆశ. “కరెంటు పోతే ఐస్ కరిగిపోతాది సార్, మచ్ఛీ అంతా ఖరాబ్. పంకాలొస్తే ఆ బాధుండదు కదా?” అని ప్రతిసారీ అడిగేవాడు. చూద్దాం అనేవాణ్ణి. ప్రతిసారీ చూద్దాం అనే అన్నాను.

జూలై మొదటి వారంలో బోయా నుంచి సిగ్నల్ ఆగింది. ఆ నెల లెక్క లోపలి మెమరీ కార్డులోనే ఉండిపోయింది. ఆగస్టు 4 ఉదయం 5:45కు జెట్టీకి వెళ్లాను. సముద్రంలోకి వెళ్లొద్దని హెచ్చరిక బోర్డు పెట్టి ఉంది. నేను చూశాను. బాబ్జీ కూడా చూశాడు.

“ఆజ్ నహీ సార్. దరియా బాగోనేదు. రెండ్రోజులాగండి.”

“ఎల్లుండికి రిపోర్టు పంపాలి బాబ్జీ. ఈ ఒక్కసారికి.”

అతను డింగీలోకి దిగుతూ, “మీరంటున్నారు కాబట్టి,” అన్నాడు. రెండు లైఫ్ జాకెట్లలో ఒకదాని బెల్టు తెగి ఉంది. బాగున్నది నాకిచ్చాడు. తెగినదాన్ని తాడుతో కట్టుకున్నాడు.

6:20కి బయలుదేరి 7:40కి బోయా చేరాం. నేను లేవబోతే, “మీరు కూకోండి సార్,” అని తనే ఎక్కాడు. పెట్టె తెరిచి కార్డు తీసి నా చేతికిచ్చాడు. దిగుతుండగా అల వచ్చి డింగీ పైకి లేచింది. అతను డింగీకీ బోయాకీ మధ్యలో పడ్డాడు. తల బోయా ఇనుప చట్రానికి తగిలింది. చొక్కా పట్టుకున్నాను. చొక్కా చిరిగింది. తర్వాత తాడు కట్టిన జాకెట్ ఒక్కటే తేలింది.

నాకు ఇంజను నడపడం సరిగా రాదు. అయినా చుట్టూ తిరిగాను. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. 10:15కు చంద్రమౌళి అనే జాలరి తన పడవలో వచ్చి నన్ను ఒడ్డుకు చేర్చాడు. మర్నాడు మధ్యాహ్నం 3:30కు కాలీపూర్ తీరంలో శవం దొరికింది. గుర్తుపట్టింది నేనే.

ఆగస్టు 7న మా మేనేజరు ఫోన్ చేసి, నేను వద్దన్నా బాబ్జీయే పట్టుబట్టి తీసుకెళ్లాడని రాసిన కాగితం పంపారు. సంతకం చేశాను. అందులో రాసింది అబద్ధం. వెళ్దామన్నది నేను. వద్దన్నది అతను.

ఇంకొకటి ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. రిపోర్టు ముగింపు జూలై 29నే రాసేశాను. అక్కడ సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది, స్తంభాలు నిలవవు. తేలే మరలు పెట్టాలంటే ఓడలు, కేబుళ్లు అన్నీ మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి. గాలి నాలుగు నెలలే బలంగా ఉంటుంది. కరెంటు ఇప్పటి డీజిల్ కరెంటు కన్నా ఖరీదవుతుంది. కేబుల్ వేయాల్సిన చోటే సముద్రపు ఆవులు మేస్తాయి. అందువల్ల తగదని రాశాను. జూలై లెక్క ఎలా వచ్చినా అది మారదు. పట్టికలో ఒక వరుస ఖాళీగా ఉంది, అంతే. ఆ సంగతి బాబ్జీకి చెప్పారా అని ఎస్.ఐ. గారు అడిగారు. చెప్పలేదు. చెబితే వచ్చేవాడు కాదు.

అంత్యక్రియల రోజు అతని భార్య దేముడమ్మ నన్ను పక్కకు పిలిచింది. “ఆయన తీసిచ్చింది పనికొచ్చిందా బాబూ? పంకాలొస్తాయా?” అని అడిగింది. వస్తాయమ్మా అన్నాను.

రాసినదంతా సరోజిని గారు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. కంపెనీ కాగితం మీద పెట్టిన సంతకం, దేముడమ్మకు చెప్పిన మాట, ఈ రెండూ అబద్ధాలు. తక్కినదంతా నాకు తెలిసినంతవరకు నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) వి. ఫణికుమార్